సున్నం గుర్తు

మా నాన్న ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. ఇంకా రెండేళ్ల సర్వీసుంది. నేను తవ్వకాల్లో పనిచేస్తాను. నా సర్వీసు ఎంతుందో ఎవరికీ తెలియదు, ఎందుకంటే నాది కాంట్రాక్టు. బి షిఫ్టుకి వెళ్లేటప్పుడు చెప్పులేసుకుంటూ నన్నొక మాట అనకపోతే మా నాన్నకి గుమ్మం దాటబుద్ధి కాదు.

“మేం రాయిని కరిగించి ఇనుము సేత్తన్నాం. నువ్వేటే, ఎవులో ఎప్పుడో పగలగొట్టీసిన కుండని ఏరి నంబరేత్తన్నావు. మొన్న మీ అమ్మ పగలగొట్టిన జాడీ కూడా పట్టుకెల్లు. దానికీ ఒక నంబరెయ్యి.”

నాకు ముక్కు మీద కోపం. అది ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో ఉక్కునగరంలో మా సెక్టారులో ఎవర్నడిగినా చెబుతారు. అందుకని నేనూ ఏదో ఒకటి తిరిగి అంటాను, ఆయన నవ్వుకుంటూ బస్సెక్కుతాడు. కానీ ఒక సంగతి ఆయనకి ఇప్పటిదాకా చెప్పలేదు. నంబరెయ్యడం అని ఆయన వెక్కిరించే ఆ పని, నేను చెయ్యాల్సినప్పుడు చెయ్యలేదు. ఆ కథ ఇది.

భీమిలి వైపు, ఏరు సముద్రంలో కలిసే చోట, ఒక చేపల ఊరి పక్కన ఇసుక దిబ్బ ఉంది. ఊరి పేరు చెప్పను. చెబితే ఆదివారం సెల్ఫీలకి బయల్దేరతారు. ఆ దిబ్బ మీద మేం ఒక వేసవి తవ్వాం. చూసినవాళ్లంతా ఇక్కడేముంది, ఇసుకా ఎండా తప్ప అనేవారు. నిజానికి ఈ తీరం ఎప్పుడూ ఒక కూడలి. ఉత్తరానికి వెళ్తే కళింగం, దక్షిణానికి వస్తే ఆంధ్రం, పడమటి కొండల్లోంచి దిగే మన్యం దారి, తూర్పున సముద్రం. ఇప్పుడు పోర్టులో బొగ్గు దిగుతోంది, ఘాటు రైల్లో ఖనిజం దిగుతోంది. పూర్వం ఏం దిగేదో, ఏం ఎక్కేదో చెప్పడానికి మనుషులెవరూ మిగల్లేదు, కుండ పెంకులు మిగిలాయి. తొట్లకొండ మీదా బావికొండ మీదా భిక్షువులు విహారాలు కట్టుకుని సముద్రాన్ని చూస్తూ కూర్చున్నారు, బాగానే ఉంది. కానీ వాళ్లు చూస్తున్న ఆ సముద్రంలో ఓడలు అప్పటికే తిరుగుతున్నాయా, లేకపోతే విహారాలు వచ్చాక వచ్చాయా? మా పెద్దసారుకి ఆ ఒక్క ప్రశ్నే కావాలి. ఉద్యోగంలో సగం కాలం ఆ ప్రశ్నతోనే కాపురం చేసిన మనిషాయన.

ఆ జవాబు ఒక నల్ల పళ్లెంలో ఉంది. నున్నగా, పల్చగా, లోపలి అడుగున సన్నటి చుక్కలు వలయాలుగా నొక్కిన పళ్లెం. ఓడల రాకపోకలున్న పాత రేవుల్లో దాని ముక్కలు దొరుకుతుంటాయి. మా దిబ్బలో నాలుగు పొరలు తేలాయి. పైన ఉన్నది కొత్తది, అడుగున ఉన్నది అన్నిటికన్నా పాతది. చుక్కల పళ్లెం ముక్క ఒక్కటంటే ఒక్కటి ఆ అడుగు పొరలోంచి వచ్చిందని రుజువైతే చాలు, ఈ రేవు మొదట్నుంచీ ఓడల రేవే అని పెద్దసారు ధైర్యంగా రాసుకోవచ్చు.

అంటే పెంకు ఎంత అందంగా ఉందన్నది కాదు, ఏ పొరలోంచి వచ్చిందన్నదే దాని ప్రాణం. అందుకే పెంకుల యార్డులో పని ఇలా ఉంటుంది. నేల మీద పురికొస కట్టి గళ్లు చేస్తాం. ఒక్కో పొరకి ఒక్కో గడి. తట్టలో వచ్చిన పెంకుల్ని కడిగి, ఆ పొర గడిలో ఆరబెట్టి, మీద ఒక చీటీ పెట్టి రాయి ఉంచుతాం. ఆరాక ఒక్కో ముక్క వెనకాలా సన్నటి పాళీతో, నల్ల సిరాతో పొర నంబరు రాయాలి. రాసేదాకా ఆ ముక్కకి ఆధారం ఆ గడి, ఆ చీటీ మాత్రమే.

రాయాల్సింది నేను. మొదటి వారం ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. రెండో వారం మెడ నొప్పి. తర్వాత ఎండ. ఆ తర్వాత సిరా చిక్కబడింది, పాళీ విరిగింది, రేపు రాద్దాంలే అనుకున్నాను. అలా రెండు వారాల పెంకులు, నాలుగు పొరలవీ, నంబరు లేకుండా గళ్లలో పడి ఉన్నాయి.

యార్డులో నాతో నలుగురు ఆడవాళ్లు ఉండేవారు. సముద్రంలో వేట నిషేధం రోజులు, పడవలన్నీ ఒడ్డు మీద బోర్లించి ఉన్నాయి, అమ్ముకోవడానికి చేపల్లేవు. అందుకని పెంకులు కడిగే పనికి వచ్చారు. వాళ్లలో పెద్దావిడకి అరవై దాటాయి. నేను పెద్దమ్మా అనేదాన్ని. తక్కిన ముగ్గురూ ఆవిడ చెల్లెలు, కోడలు, పక్కింటావిడ. నన్ను మొదటి రోజు మేడమన్నారు, మూడో రోజుకి పాపా అన్నారు, వారం తిరక్కుండా తిట్టడం కూడా మొదలెట్టారు. మొత్తం తవ్వకంలో నేను చేసిన తెలివైన పని ఒకటే. తడబాటు లేకుండా ఒక్కొక్కరికి ఒక్కో పొర అప్పజెప్పాను. అడుగు పొర తట్టలు పెద్దమ్మవి.

అన్నాలప్పుడు వాళ్ల కబుర్లు వినడం నాకు పనికన్నా ఇష్టం. ఒక రోజు నేనడిగాను, నాలుగిళ్ల చేపలూ ఒకే ఆటోలో బజారుకి వెళ్తాయి కదా, దిగాక ఎవరివి ఎవరివో ఎలా తెలుస్తుందని.

“గుర్తెట్టుకుంటాం” అంది పెద్దమ్మ. “నాది తోక మీద రెండు గాట్లు. మా సెల్లిది ఒక్కటే. మా కోడలు రెక్క కత్తిరిత్తాది. ఆ పక్కింటిది మొప్ప కింద గిల్లుతాది. గుర్తెట్టకుండా మేం ఒక్క సేప కలపం.”

“నాకూ ఒక గుర్తివ్వండి పెద్దమ్మా.”

“నీకెందుకే? నీకేటి సేపలున్నాయా?” అంది. నలుగురూ ఒకటే నవ్వు. ఆ గుర్తుల సంగతి చాలా విలువైనదనుకుని నోటుబుక్కులో రాసుకున్నాను. రాసుకున్నాక మర్చిపోయాను. రాసుకున్నదాన్ని మర్చిపోవడం చదువుకున్నవాళ్లకి బాగా అలవాటు.

మర్నాడు పెద్దసారు వస్తారని ఒక ఉదయం ఫోనొచ్చింది. రెండు వారాల పెంకులు, ఒక్కదానికీ నంబరు లేదు. సీసాలో సిరా తారులా ఉంది. యార్డు చూస్తూ ఉండమని నలుగురికీ చెప్పి, బస్సెక్కి పాత ఊళ్లోకి పోయాను. అక్కడ ఒక సాయిబుగారి కాగితాల కొట్టుంది. సిరాలు, పాళీలు, బైండింగు అట్టలు అమ్ముతాడు. వాళ్ల తాతల నాటి కొట్టు. కంప్యూటర్లు వచ్చాక అందరూ మూసేస్తే ఆయన మాత్రం తెరిచే ఉంచాడు.

“బేటీ, ఈ రోజుల్లో సిరా ఎవరు కొంటన్నారు?” అన్నాడాయన సీసా తుడుస్తూ. “నువ్వూ, పెళ్లి పత్రికల మీద పేర్లు రాసే ముసలాయనా. ఇద్దరే. ఆయన వారానికొకటి కొంటాడు. నువ్వు నెల్లాళ్ల కింద కొన్నావు. అంటే నువ్వు రాయట్లేదు.”

“పని ఎక్కువగా ఉంది చాచా.”

“పనుంటే సిరా అయిపోవాలి కదమ్మా.” టీ తెప్పించాడు. బన్ను తినమన్నాడు. తొందరగా ఉందంటూనే అరగంట కూర్చున్నాను. ఆ అరగంట కూడా నా లెక్కలోదే.

నేను తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం మూడయింది. యార్డు చూశాను. పురికొస లేదు, గళ్లు లేవు. నేలంతా చీపురుతో శుభ్రంగా ఊడ్చి ఉంది. నాలుగు పొరల పెంకులూ కలిసిపోయి, కొత్తగా వరసలు కట్టి ఉన్నాయి, రేవులో వేలానికి పెట్టిన చేపల్లా. ఎర్రవి ఎర్రవాటితో, అంచులు అంచులతో, చిన్నవి చిన్నవాటితో. అన్నిటికీ ముందు వరసలో నల్లటి నున్నటి ముక్కలు ఒక పోగు.

“సూసినావా?” అంది పెద్దమ్మ, మొహం వెలిగిపోతూ. “రేపు మీ సారొత్తాడన్నావు గదా. సెల్లాసెదురుగా పడున్నాయి, సూత్తే ఏటనుకుంటాడని. ఇయ్యి నెత్తళ్లు, ఇయ్యి కవళ్లు. ఇదిగో, ఈ నల్లయి వంజరాలు, కరీదైనయి. ముందలెట్టినాం.”

“చీటీలేవి?”

“గాలికి ఎగిరిపోతన్నాయని డబ్బాలో ఎట్టీసినాం. ఒక్కటి పోనేదు.” కోడలు డబ్బా తెచ్చి మూత తీసి చూపించింది. చీటీలన్నీ రబ్బరు బ్యాండు వేసి భద్రంగా ఉన్నాయి.

అప్పుడు నేను అరిచిన అరుపులు మళ్లీ రాయడానికి నాకు మొహం చెల్లదు. మా నాన్న నాకిచ్చిన ఆస్తి మొత్తం ఆ పూట ఖర్చు పెట్టాను. మీకు బుద్ధుందా అన్నాను, చేపలకీ చరిత్రకీ తేడా తెలీదా అన్నాను, నెలరోజుల పని బూడిదలో పోశారన్నాను. పెద్దమ్మ రెండు మూడుసార్లు “అది కాదు పాపా, సెప్పేది ఇను” అంది. నేను వినలేదు. ఫోను తీసి, యార్డు ఫోటో ఏదైనా తీశానేమోనని వెతికాను. ఆ రెండు వారాల్లో నేను తీసినవి అస్తమించే సూర్యుడు, నా అన్నం డబ్బా, మళ్లీ అస్తమించే సూర్యుడు. గళ్ల ఫోటో ఒక్కటే దొరికింది. అందులో మూడో పొర మీద కుక్క పడుకుని ఉంది.

కోపం ఎక్కువైనప్పుడు నాకు చేతులు ఊరుకోవు. ముందు వరసలోని నల్ల పోగు దగ్గర కూలబడ్డాను. ముక్కల వెనకాల తెల్లతెల్లటి మరకలు కనిపించాయి. సముద్రం పక్క పెంకులకి ఉప్పు పట్టడం మామూలే. సరిగ్గా కడక్కపోతే ఆరాక తెల్లగా పైకి తేలుతుంది. వాళ్లకి మొదటి రోజే నేర్పిన పాఠం అది.

“కడగడం కూడా రాలేదా మీకు?” అంటూ ఆ పోగు మొత్తం తట్టలో ఎత్తి, తొట్టిలో ముంచి, బ్రష్షు పెట్టి నేనే తోమాను. ఒక్కో ముక్కనీ వెనకా ముందూ. నలుగురూ అలా నిలబడి చూస్తున్నారు. పక్కింటావిడ “ఓలమ్మో” అని నోటి మీద చెయ్యి పెట్టుకుంది. నేను కడిగి, తెల్ల మరక ఒక్కటి లేకుండా, తళతళలాడుతున్న పెంకుల్ని గోనె మీద పరిచాను.

పెద్దమ్మ నా పక్కన కూర్చుంది. గట్టిగా మాట్లాడలేదు.

“అయిపోనాదా? ఇప్పుడు ఇంటావా?” అంది. బొడ్లోంచి తాంబూలం సున్నం డబ్బా తీసి చూపించింది. “గుర్తెట్టకుండా మేం కలుపుతామేటే? పెంకు మీద గాటెడితే నువ్వు తిడతావని సున్నం ఎట్టినాం. నాది రెండు గీతలు, మా సెల్లిది ఒకటి, కోడలిది అడ్డగీత, దానిది సుక్క. నలుగురికీ నాలుగు పొరలు నువ్వే గదా పంచినావు. సారెల్లిపోయాక ఎవులి గడిలో ఆళ్లం మళ్లీ ఎట్టీద్దుం.”

నేను పరుగెత్తుకెళ్లి ఎర్ర పోగులో ఒక ముక్క తిప్పి చూశాను. వెనకాల సున్నంతో అడ్డగీత. ఇంకోటి తిప్పాను. రెండు గీతలు. అంచుల పోగులో, చిన్నవాటి పోగులో, ప్రతి ముక్కకీ గుర్తుంది. రెండు వారాలుగా నేను వాయిదా వేసిన పనిని వాళ్లు ఒక్క మధ్యాహ్నంలో పూర్తి చేసి పెట్టారు. గుర్తు లేనిది ఒక్కటే, ఆ నల్ల పోగు. చుక్కల పళ్లెం ముక్కలన్నీ ఉన్నది అందులోనే.

తల కొట్టేసినట్టయింది. నలుగురూ కదిలి, నేను చెప్పకుండానే పురికొస కట్టారు, గుర్తులు చూసుకుంటూ పెంకుల్ని వాటి గళ్లలోకి చేర్చారు. పొద్దు వాలేలోగా అన్నీ సర్దుకున్నాయి. నల్ల పోగు మాత్రం గోనె మీదే ఉండిపోయింది.

“పెద్దమ్మా, అడుగు పొర తట్టలు నువ్వే కడిగావు కదా. చుక్కలది అందులో ఉందా?” అనడిగాను.

“ఉండినాది. ఒకటి. కడుగుతంటే సుక్కలు ఏలికి గరగరా తగిలినాయి. ఇదేటి సింతపిక్క మీద గీసినట్టున్నాదనుకున్నాను.” ఆవిడ గోనె మీది ముక్కలన్నీ ఒక్కొక్కటీ బొటనవేలితో తడిమింది. చుక్కలున్నవి చాలానే ఉన్నాయి. “ఇందులో ఏదో మట్టుకు సెప్పనేను. అబద్దం ఆడకూడదు గదా” అని చేతులు దులుపుకుంది.

అదీ సంగతి. పెద్దసారు ఎన్నాళ్లుగానో వెతుకుతున్న జవాబు ఒక ముసలావిడ బొటనవేలికి తెలుసు. దాన్ని రుజువు చేసే రెండు గీతల్ని నేనే తోమేశాను.

మర్నాడు పెద్దసారు వచ్చారు. గొంతు పెంచని మనిషి. గొడుగు పట్టుకుని గళ్లన్నీ చూసి, చివరికి గోనె దగ్గర ఆగారు. ఇవెందుకు వేరుగా ఉన్నాయని అడిగారు. నా కాంట్రాక్టు ఆ నెలాఖరుకి అయిపోతుంది, పొడిగించాలంటే సంతకం ఆయనదే. నేను నోరు తెరిచేలోగా పెద్దమ్మ ముందుకొచ్చింది.

“మేమే కలిపేసినాం బాబూ. తెలవక.”

అది అబద్ధం కాదు. కలిపింది వాళ్లే. సగం నిజం. మిగతా సగం చెప్పాల్సింది నేను. ఆయన నా వైపు చూశారు. నేను నేల చూశాను. చూసి, “అవును సార్, కూలీల పొరపాటు” అన్నాను. అడుగు పొరలో చుక్కల ముక్క ఉండేదన్న మాట కూడా చెప్పలేదు. అది చెబితే సున్నం సంగతి చెప్పాలి, సున్నం సంగతి చెబితే బ్రష్షు సంగతి చెప్పాలి.

ఆయన వెళ్తూ వెళ్తూ, మిగిలిన రోజులకి యార్డులో వేరేవాళ్లని పెట్టమన్నారు. ఆ మాట వాళ్లకి నేనే చెప్పాల్సి వచ్చింది. పెద్దమ్మ కొంగు దులుపుకుంటూ, “ఎలాగూ వేట మొదలవుతాది, వలలు సూసుకోవాల” అంది. వేట మొదలవడానికి ఇంకా చాలా రోజులున్నాయి. దారిలోకి వెళ్లి వెనక్కి తిరిగి, “పుస్తకం వత్తాది గదా, ఒకటి నాకియ్యి” అని కేకేసింది. సరేనన్నాను.

నా కాంట్రాక్టు పొడిగించారు. పెంకుల అధ్యాయం నాకే అప్పజెప్పారు. ‘చుక్కల పళ్లేల ముక్కలు ఏ పొరవో నిర్ధారించలేం, కూలీల అజాగ్రత్త వల్ల అవి కలిసిపోయాయి’ అని రాశాను. పెద్దసారు ఆ వాక్యం కింద ఎర్ర సిరాతో గీత గీసి, పక్కన ‘దురదృష్టం’ అని రాసి, అలాగే ఉంచారు. ఏడాది తర్వాత నివేదిక పుస్తకంగా అచ్చయింది.

ఆ తర్వాత నేను భీమిలి బజారులో చేపలు కొనడం మానేశాను. అక్కడ పెద్దమ్మ కూర్చుంటుంది. పనిమీద పెందుర్తి వెళ్లినప్పుడల్లా అక్కడ కొని తెచ్చేదాన్ని. ఐసు పెట్టెల్లోంచి వచ్చే చేపలు, కళ్లు తెల్లగా తేలేసినవి. మా అమ్మ సంచీ విప్పగానే ముక్కు మూసుకునేది.

“సముద్రం ఒడ్డున ఉండి పెందుర్తెల్లి సేపలు తెత్తావేటే? నీళ్లు నేని ఊర్నుంచి నీళ్లు తెచ్చినట్టు” అనేది. నాకు కోపం వచ్చేది. ఆవిడన్నది నిజమని ఇంకా కోపం వచ్చేది.

మొన్న ఫిబ్రవరిలో ఒక ఉదయం, మా క్వార్టరు గేటు దగ్గర “సేపలో” అన్న కేక వినపడింది. ఆ గొంతు నాకు తెలుసు. వంటింట్లోకి తప్పుకుందామనుకున్నాను గానీ మా అమ్మ అప్పటికే తలుపు తీసేసింది. పెద్దమ్మ గంప దించి, వరండాలో గోడకి జారబడి కూర్చుంది.

“ఈడేటి దూరం, రెండు బస్సులు మారొచ్చినాను” అంది. “దిబ్బ కాడ వాచ్‌మెను సెప్పినాడు, పుస్తకం వచ్చిందంట గదా. మీ ఇల్లు కూడా ఆడే సెప్పినాడు. నువ్వు రావు, నానే వచ్చినాను.”

లోపలికెళ్లి పుస్తకం తెచ్చాను. ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుని అందుకుంది. బరువు చూసింది. ఫోటోలున్న పేజీలు తిప్పింది. యార్డు ఫోటో ఒకటుంది, అందులో వాళ్లు లేరు. అయినా “ఇదిగో, మా సెట్టు” అని నీడకి కూర్చున్న చోటు చూపించింది.

“మా గురించి ఎక్కడ రాసినావు? సదువు.”

ఆ పేజీ నాకు వెతుక్కోనక్కర్లేదు. తెరిచాను. ఆ వాక్యం మీద వేలు పెట్టి, “పెంకుల పనిలో చేపల ఊరి ఆడవాళ్లు ఎంతో శ్రద్ధగా సాయం చేశారు” అని చదివాను. ఆ పుస్తకంలో ఎక్కడా లేని వాక్యం అది.

పెద్దమ్మ మొహం విచ్చుకుంది. “శ్రద్ధగా” అని మళ్లీ ఒకసారి అనుకుంది. బొడ్లోంచి సున్నం డబ్బా తీసి, వేలి కొసకి కాస్త తీసుకుని, ఆ వాక్యం పక్కన మార్జిన్‌లో నెమ్మదిగా రెండు గీతలు గీసింది. “నాకు సదువు రాదు గదా, మళ్లీ ఎక్కడో తెలీదు. గుర్తెట్టుకుంటే మా మనవరాలికి సూపిత్తాను. అది ఇంటరు సదువుతంది. బడిలో కూడా సూపిత్తాదేమో.”

ఇక నావల్ల కాలేదు. మెట్టు మీద ఆవిడ ఎదురుగా కూర్చున్నాను. మా అమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది, అయినా చెప్పాను. అక్కడ నిజంగా ఏం రాసుందో అక్షరం తప్పకుండా చదివాను. కూలీల అజాగ్రత్త అన్న చోట ఆగిపోతే, “ఊఁ, సదువు” అంది. చదివాను. బ్రష్షు సంగతి రాయలేదని చెప్పాను. అడుగు పొరలో చుక్కల ముక్క నీ చేతికి తగిలిందని కూడా రాయలేదని చెప్పాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను పెద్దమ్మా అన్నాను.

ఆవిడ గంపలో ఈగలు వాలుతుంటే తోలలేదు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆ రోజు నేను అరిచినట్టు అరిచి ఉంటే ఇంకా బాగుండేది.

తర్వాత కొంగు చివర ఉమ్ముతో తడిపి, తను గీసిన రెండు గీతల్నీ తుడిచేసింది. కాగితం మీద తెల్లటి మరక మిగిలింది. సున్నం డబ్బా మూత తీసి నా ముందు పెట్టింది.

“ఇది నాది కాదు గదా మరి” అంది. “ఎవులిది ఆళ్లే గుర్తెట్టుకోవాల. ఎట్టు.”

“నాకు గుర్తు లేదు పెద్దమ్మా. నువ్వే ఇవ్వనన్నావు.”

“అప్పుడు నీకు సేప నేదు. ఇప్పుడున్నాది.”

సున్నం వేలికి చల్లగా తగిలింది. ఏం గీయాలో తెలియక, రోజూ నా కళ్ల ముందు మెదిలే చుక్కల పళ్లెంలాగే ఒక చిన్న వలయం గీశాను. అది సరిగ్గా కలవలేదు. పెద్దమ్మ పుస్తకాన్ని వెలుగులోకి వంచి చూసింది, ఆరేదాకా పేజీ మూయనివ్వలేదు. పెద్దసారుకి ఉత్తరం రాస్తానని, ఉన్నదున్నట్టు రాస్తానని, నీ వేలికి తగిలిన ముక్క సంగతి కూడా రాస్తానని చెప్పాను. కాంట్రాక్టు ఏమవుతుందో నాకు తెలియదు.

“రాయి” అంది. “సిరా ఉన్నాదా?”

“ఉంది. ఆ రోజు కొన్నదే, సీసా నిండా ఉంది.”

“అదీ నీ పని” అని ఆ పూట మొదటిసారి నవ్వింది. మా అమ్మకి రెండు చందువాలు ఇచ్చి, పుస్తకాన్ని పాలిథిన్ కవర్లో చుట్టి గంపలో చేపల మీద పెట్టుకుంది. అది తనదగ్గరే ఉండాలంది, మనవరాలికి చూపిస్తానంది, మొత్తం చెప్పే చూపిస్తానంది. నేను గంప ఎత్తి తలకి అందించాను. గేటు దాటాక ఆగి, మెడ తిప్పలేక మొత్తం మనిషే నా వైపు తిరిగింది.

“పాపా, ఈపాలి మట్టుకు కడిగీకు.”